ఒక అక్షరము, రెండు పలుకులు
(మన తెలుగు సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయినది. పచ్చడి ప్రసాదం అందరికీ ముట్టినది. భోజనాలకు ఇంకా వ్యవధి ఉన్నది కనుక కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మీరు నాలుగు మాటలు చెప్పండి, భాషను గూర్చి అయితే మరీ మంచిది" అన్నారు. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకే చదువుకొని రైల్వేలో గుమాస్తాగా చేరినవారము. టిక్కెట్లు, రసీదులు, సరుకు పద్దులు మా విద్య. మన దేవదుర్గకు రైలు లేదు కాబట్టి రాయచూరులో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి ఇంటికి వచ్చి వాలుతుంటాము. అయినప్పటికీ మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి మమ్మల్ని ఏడాదిగా వెంటాడుతూ ఉన్నది. మీలో చాలామంది ఇండ్లలోనూ జరిగే ఉంటుంది. దానిని మీ ముందు పెట్టడానికే నిలబడినాము.

క్రిందటి వేసవిలో ఒక పెండ్లికి మా అత్తవారి ఊరు వెళ్ళినాము. తెనాలి ప్రాంతం. మా అమ్మాయికి తొమ్మిదేండ్లు. పుట్టినది, పెరిగినది, చదువుతున్నది అన్నీ ఇచ్చటనే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. రాత్రి భోజనాలైన తర్వాత పిల్లలందరూ డాబామీద పడుకోబోతూ ఉండగా మా పిల్ల, "అమ్మమ్మా, చాప ఏదీ?" అని అడిగినది. అడిగిన మాట తెలుగే. కాని ఆ చకారాన్ని 'చరిత్ర' అన్నప్పుడు, 'చంద్రుడు' అన్నప్పుడు పలికేటట్లు పలికినది. మేనమామ పిల్లలు గొల్లున నవ్వినారు. "ఏదీ, మళ్ళీ అను! చలి అను, చుక్క అను, జడ అను!" అని చుట్టూ చేరినారు. పిల్ల అమాయకంగా అన్నీ అన్నది. ప్రతి మాటకూ నవ్వులే. "కన్నడమ్మాయి, కన్నడమ్మాయి" అని పేరు పెట్టినారు.

పిల్లల నవ్వు పిల్లలది. మేము ఒప్పుకోవలసినది ఇంకొకటి ఉన్నది. ఆ నవ్వులో మేమూ కలిసినాము.

ఆ తర్వాత మూడు రోజులు ఆ ఊళ్ళో ఉన్నాము. మూడు రోజులూ మా అమ్మాయి ఎవరితోనూ తెలుగు మాట్లాడలేదు. అడిగితే తల ఊపేది, లేకపోతే మా చాటుకు వచ్చి నిలబడేది. వాళ్ళ అమ్మమ్మ దగ్గరకు తీసుకొని, "ఏమే తల్లీ, మాతో మాట్లాడవూ?" అని అడిగితే కండ్లనీళ్ళు పెట్టుకున్నది. తిరుగు ప్రయాణంలో, రైలు గుంతకల్లు దాటిన తర్వాత, మెల్లగా అడిగినది: "నాన్నా, బడిలో నన్ను తెలుగుపిల్ల అంటారు. అక్కడ కన్నడపిల్ల అన్నారు. నేను ఎవరి పిల్లను?"

ఆ ప్రశ్నకు అప్పుడు మా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల తప్పు ఎచ్చట ఉన్నదో, అసలు తప్పు ఉన్నదో లేదో తెలుసుకుందామని, గుమాస్తా పద్దు వెదికినట్లు ఒక్కొక్కటిగా వెదకనారంభించినాము. దొరికినవాటిని మీకు మనవి చేస్తున్నాము.

దయచేసి అందరూ ఒకసారి మాతోపాటు పలకండి. మొదట 'చీర' అనండి. నాలుక ఎచ్చట తగిలినది? నాలుక మధ్యభాగం పైకి లేచి అంగిటికి ఆనినది. ఇప్పుడు 'చుక్క' అనండి. నాలుక కొన పై పండ్ల వెనుక తగిలినది. వ్రాసేటప్పుడు రెండింటికీ ఒకటే అక్షరం. పలికేటప్పుడు రెండు వేరు వేరు చోట్లు. 'జీడి' అని, 'జొన్న' అని పలికి చూడండి. జకారానిదీ అదే కథ. అంగిటిని తాలువు అని అంటారు. అచ్చట పుట్టినది తాలవ్యము, పండ్ల దగ్గర పుట్టినది దంత్యము. మన వ్యాకరణంలో 'సరళాలు' అనే మాట గ, జ, డ, ద, బ లకు చెల్లినది కనుక ఆ పేరుతో గందరగోళం వద్దు. ఈ పూటకు తాలవ్యాన్ని 'మెత్తని పలుకు' అనీ, దంత్యాన్ని 'గట్టి పలుకు' అనీ అనుకుందాము.

అయితే ఏది ఎప్పుడు? అచ్చతెలుగు మాటలలో ఇ, ఈ, ఎ, ఏ లు వెంట వస్తే మెత్తని పలుకు: చింత, చీర, చెట్టు, చేయి, జీడి, జెముడు. అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ లు వస్తే గట్టి పలుకు: చలి, చాప, చుక్క, చూపు, జడ, జొన్న, జోల. కారణం సులభమే. ఇకారం పలకడానికి నాలుక ఎటూ అంగిటివైపు లేవాలి. రాబోయే అచ్చుకోసం నాలుక ముందే సిద్ధపడుతుంది. హల్లు మెత్తబడుతుంది. వ్యాకరణం చదవని మన అవ్వలు కూడా ఈ నియమాన్ని ఒక్కసారి తప్పరు.

సంస్కృతం నుంచి వచ్చిన మాటలలో మాత్రం ఏ అచ్చు వచ్చినా మెత్తని పలుకే: చంద్రుడు, చరిత్ర, జయము, జలము. అందుచేత మనకు ఒక చిత్రమైన జత మాటలు ఏర్పడినాయి. మనం అన్నంలో పోసుకొనే 'చారు' వేరు. చారుశీల అన్నప్పటి 'చారు', అంటే అందమైనది, వేరు. పడుకొనే 'చాప' వేరు; రాముడు ఎత్తిన 'చాపము', అంటే విల్లు, వేరు. ఆడపిల్ల 'జడ' వేరు. కదలిక లేని 'జడము' వేరు. కాగితంమీద చకారానికీ చకారానికీ, జకారానికీ జకారానికీ తేడా లేదు. నోటిలో ఉన్నది. మా అమ్మాయి అమ్మమ్మను చాప అడిగినప్పుడు వినబడినది విల్లు. నవ్వు వచ్చినది అందుకే.

ఈ తేడాను పెద్దలు గుర్తించలేదా అంటే, గుర్తించినారు. పరవస్తు చిన్నయసూరిగారు బాలవ్యాకరణంలో తెలుగుకు ముప్పదియారు వర్ణాలని లెక్క చెప్పి, అందులో ఈ గట్టి చకారానికీ, గట్టి జకారానికీ విడిగా స్థానమిచ్చినారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు 1852లో అచ్చువేయించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో వాటికి ప్రత్యేకమైన గుర్తు కనబడుతుంది. అక్షరం నెత్తిమీద మన తెలుగు రెండంకెవంటి చిన్న గీత. ఇదిగో, ఈ పలకమీద వ్రాసి చూపుతున్నాము: ౘ, ౙ. అంటే పడుకొనేది ౘాప, విల్లు చాపము. పోసుకొనేది ౘారు, అందమైనది చారు. చూచినారా, చిక్కు ఎంత తేలికగా విడిపోయినదో! 2008లో ప్రపంచ భాషల లిపులన్నింటినీ యంత్రాలకెక్కించే యూనికోడు పట్టికలో కూడా ఈ రెండు అక్షరాలకు చోటు దొరికినది. పట్టికలో చోటున్నది, నిఘంటువులో చోటున్నది. మన వ్రాతలో మాత్రం లేదు. పిల్లల చేతికిచ్చే అక్షరమాలలలో చాలావాటిలో అవి కనబడవు. కనబడినచోట కూడా ఆగి పలికించేవారు అరుదు.

మా రైల్వేవారి సంగతి ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన చుండూరుకు సరుకు పంపాలని వచ్చినాడు. తెనాలి దాటిన తర్వాత మద్రాసు దారిలో ఉన్న స్టేషను అది. ఇంగ్లీషు జాబితాలో 'సి' అక్షరం క్రింద పైనుంచి క్రిందికి, క్రిందినుంచి పైకి వెదికినాము. చీరాల ఉన్నది, చుండూరు లేదు. "అటువంటి స్టేషను లేదండీ" అని కూడా అనేసినాము. ఆయన, "మా ఊరు లేదంటావేమయ్యా!" అని బిత్తరపోయినాడు. ప్రక్కనున్న పెద్ద గుమాస్తాగారు నవ్వి, 'టి' అక్షరం పుట తిప్పి చూపినారు. అచ్చట 'టి', 'ఎస్' అనే రెండక్షరాలతో చుండూరు హాయిగా కూర్చుని ఉన్నది! అదే దారిలో ఉన్న చీరాలను 'సి', 'హెచ్' లతో వ్రాసినారు. తెనాలి నుంచి రేపల్లె పోయే దారిలో జంపని అనే స్టేషనున్నది. దానిని 'జెడ్' అక్షరంతో మొదలుపెట్టినారు. అంటే మన అక్షరం చూపని తేడాను, చెవితో విన్న ఎవరో పరాయి లిపిలో పట్టి ఉంచినారు. ఆ ఊళ్ళవారు మాత్రం ఆ బోర్డు చూచి పేరు నేర్చుకోలేదు. తల్లి నోట విని నేర్చుకున్నారు.

ఇంకొక చిత్రం వినండి. మన నాలుక ఒకే మాటలో కూడా అటూ ఇటూ నడుస్తుంది. 'చూచు' అన్నప్పుడు రెండు చకారాలూ గట్టివే. 'చూచి' అనగానే మొదటిది గట్టిగానే ఉండి, రెండవది మెత్తబడుతుంది. ఇకారం వచ్చినది కదా! సరే, 'వచ్చాడు' అనండి. అచ్చతెలుగు మాట, వెనుక ఆకారమున్నది. నియమం ప్రకారం గట్టిగా పలకాలి. కాని మెత్తగానే పలుకుతాము. ఎందుచేత? అది 'వచ్చినాడు' నుంచి వచ్చినది. మధ్యనున్న ఇకారం కాలక్రమాన జారిపోయినది. పోతూ పోతూ తన మెత్తదనాన్ని హల్లులో వదలి పోయినది. 'చేసినాడు' కూడా అంతే. ఇకారం పోయి సకారం మెత్తబడి 'చేశాడు' అయినది. అందుకే ఇప్పటికీ కొందరు 'చేసాడు' అనీ, కొందరు 'చేశాడు' అనీ వ్రాసి వాదులాడుకుంటారు. ఒకరు పుట్టుకను చూచి వ్రాస్తారు, ఒకరు పలుకును విని వ్రాస్తారు. వెళ్ళిపోయిన అచ్చు తాలూకు జ్ఞాపకం మన నోట మిగిలి ఉన్నదని మాకు ఇది తెలిసిన రోజున ఒళ్ళు పులకరించినది.

ఇది మన ఒక్కరి సంగతేనా, ఇతర దేశాలవారు ఏమి చేసుకున్నారు అనే ప్రశ్నకు జవాబు అనుకోకుండా మన మధ్యనే దొరికినది. మనకు తెలిసిన ఒక కుటుంబంలో అబ్బాయి వైద్యం చదవడానికి ఉక్రెయిను దేశం పోయినాడు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం రావడంతో, వేలాది మన దేశపు విద్యార్థులతోపాటు ప్రాణాలు అరచేత పట్టుకొని తిరిగి వచ్చినాడు. ఒక సాయంత్రం అతడు తన సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి చూపినాడు. రోగులతో మాట్లాడడానికి నేర్చుకున్న ఉక్రెయిను భాష పాఠాలు. దానిని చూస్తూ మా అమ్మాయి సంగతి చెప్పినాము. అతడు ఎగిరి గంతేసి, "మామయ్యా, ఆ భాష అంతా ఈ మెత్తదనం మీదనే నడుస్తుంది!" అన్నాడు.

అతడు చెప్పినది ఇది. వారి భాషలో చాలా హల్లులకు గట్టి పలుకు ఒకటి, మెత్తని పలుకు ఒకటి ఉన్నాయి. మనకు చ, జ లలోనే ప్రధానంగా కనబడే తేడా వారికి త, ద, న, ల, స మొదలైనవాటిలోనూ ఉన్నది. తేడా తెలియకపోతే అర్థం మారిపోతుంది. 'రిస్' అంటే వారికి మన బియ్యమే. చివరి సకారాన్ని, నాలుక ఇకారానికి లేచినట్లు లేపి మెత్తగా పలికితే అది అడవిలో తిరిగే ఒకజాతి పెద్దపిల్లి. వరి పండించే మనం ఆ దేశం పోయి బియ్యమడిగితే పిల్లిని చూపించే ప్రమాదమున్నదన్నమాట! 'లన్' అంటే పంటచేను. చివరి నకారం మెత్తబడితే ఆడజింక.

ఈ తేడాను చూపడానికి వారు మూడు ఉపాయాలు చేసుకున్నారు.

మొదటిది, ఒక ప్రత్యేకమైన అక్షరం. ఇంగ్లీషు చిన్న 'బి' లాగా ఉంటుంది. వారి ముప్పదిమూడు అక్షరాలలో అదీ ఒకటి. కాని దానికి సొంత ధ్వని లేదు. ఏ హల్లు ప్రక్కన నిలబడితే ఆ హల్లును మెత్తబరచడమే దాని పని. దాని పేరే 'మెత్తని గుర్తు'. బియ్యం ప్రక్కన ఆ గుర్తు పెడితే పిల్లి అవుతుంది. విశేషమేమంటే, వెనుకటి కాలంలో ఆ గుర్తు కూడా ఒక పొట్టి అచ్చు. ఇకారానికి దగ్గరగా ఉండేది. వందల ఏండ్ల క్రిందట ఆ అచ్చు నోటినుంచి జారిపోయినది. దాని మెత్తదనం మిగిలినది. ఆ మెత్తదనానికి గుర్తుగా అక్షరం మిగిలినది. ఇందాక 'వచ్చినాడు', 'వచ్చాడు' అయిన కథ చెప్పినాము కదా! అంత దూరదేశంలో అదే కథ. తేడా ఒకటే. పోయిన అచ్చుకు వారు రాతిలో పేరు చెక్కి నిలబెట్టినారు. మనం నోటికే వదలివేసినాము.

రెండవ ఉపాయం, అచ్చులను జతలుగా పెట్టుకోవడం. 'ఆ' కు రెండక్షరాలు: ఒకటి మామూలుది, ఒకటి 'యా' వంటిది. హల్లు తర్వాత మొదటిది వస్తే హల్లు గట్టిది. రెండవది వస్తే మెత్తనిది. 'ఊ' కూ, 'ఎ' కూ కూడా ఇటువంటి జతలున్నాయి. 'ఒ' కు మాత్రం జత లేదు కనుక, అచ్చట మెత్తని గుర్తు పెట్టి తర్వాత 'ఒ' వ్రాస్తారు. మరి ఇకారం వస్తే? ఏ గుర్తూ అక్కరలేదు. వారి ఇకారం ముందు నాలుక దానంతట అదే అంగిటివైపు లేస్తుంది. 'చీర', 'చింత' లకు మనకు గుర్తు అక్కరలేనట్లే!

మూడవది, మెత్తదనం వద్దు అని చెప్పే గుర్తు. 'ప', 'మ' వంటి పెదవుల హల్లుల తర్వాత 'యా' వచ్చి, హల్లును మెత్తబరచకుండా యకారాన్ని విడిగా పలకాలంటే మధ్యన ఒక చిన్న కొక్కెం పెడతారు. అయిదు అనే అంకెకు వారి మాట 'ప్–యాత్' అని వినబడుతుంది. అందులో పకారం తర్వాత 'మెత్తబరచవద్దు' అనే కొక్కెమున్నది. చివర తకారం తర్వాత 'మెత్తబరచు' అనే గుర్తున్నది. చేతికున్న అయిదు వ్రేళ్ళను లెక్కపెట్టే చిన్న మాటలో రెండు ఆజ్ఞలూ ఉన్నాయి.

ఇదంతా వారికి సుఖంగా దక్కలేదు. 1876లో రష్యా చక్రవర్తి శాసనం చేసి ఉక్రెయిను భాషలో పుస్తకాలు అచ్చువేయడాన్ని చాలావరకు నిషేధించినాడు. సోవియట్ ప్రభుత్వం వచ్చిన తర్వాత 1933లో వారి అక్షరమాల నుంచి గకారపు అక్షరం ఒకదానిని తీసివేసినారు. ఇండ్లలో మాత్రం ఆ ధ్వని పలుకుతూనే ఉన్నది. 1990లో ఆ అక్షరాన్ని తిరిగి తెచ్చుకున్నారు. ఒక్క అక్షరం కోసం యాభయ్యేడేండ్లు ఎదురుచూచినారు. మన ౘ, ౙ లను ఎవ్వరూ నిషేధించలేదు. ఏ చక్రవర్తీ శాసనం చేయలేదు. "అలవాటే కదా, గుర్తెందుకు?" అని మనమే వదులుకున్నాము.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. తెనాలిలోనో, వరంగల్లులోనో పుట్టిన పిల్లకు గుర్తు అక్కరలేదు. వీధి వీధంతా ఆ పలుకే. మరాఠీవారు కూడా ఈ రెండు ధ్వనులనూ ఒకే అక్షరంతో వ్రాసుకొని నిశ్చింతగా ఉన్నారు. వ్రాత చెప్పనిదాన్ని ఊరు చెబుతుంది. కాని ఊరు మారితే? చిక్కు అచ్చట ఉన్నది. మనం కాలువ నీటి వెంట, ఉద్యోగాల వెంట, వ్యాపారాల వెంట కృష్ణ ఇవతలి గట్టుకు వచ్చినవారము. ఈ నేల మనకు అన్నం పెట్టినది. ఈ నేల భాష కన్నడం. కన్నడంలో చకారానికి ఒకటే పలుకు, మెత్తనిది. మన ౘాప వారికి చాపె. మన ౙడ వారికి జడె. మన ౘలి వారికి చళి. మన ౘుక్క వారికి చుక్కి. చూడండి, మాటలు అక్కచెల్లెండ్ర వలె ఎంత దగ్గరగా ఉన్నాయో! దగ్గరగా ఉన్నవి కనుకనే పిల్ల నాలుకకు రెండూ ఒకటై పోయినాయి. మా అమ్మాయి తెలుగును చెడగొట్టలేదు. పగలంతా తాను వినేదాన్ని నమ్మకంగా పలికినది. చెవి సరిగా పనిచేసే పిల్ల చేసే పనే అది.

మనమేమో పెద్ద మొనగాండ్లమా? మేము ఇచ్చటికి వచ్చిన కొత్తలో సంతలో జొన్నల అంగడి ముందు నిలబడి, కన్నడం వచ్చునన్న ధీమాతో, "ౙోళ ఎష్టు?" అని అడిగినాము. అంగడి ఆయన అర్థం చేసుకున్నాడు, కొలిచి పోసినాడు, చిల్లర ఇచ్చినాడు. ఇచ్చి చిరునవ్వుతో, "జ్వాళ అన్రీ సర్" అని మెత్తగా పలికి వినిపించినాడు. పుస్తకాల కన్నడంలో జోళ, ఈ సీమవారి నోట జ్వాళ. మేము మన గట్టి జకారాన్ని ఎత్తుకుపోయి వారి మాటకు తగిలించినాము. ఆయన పదిమందిని పిలిచి నవ్వలేదు. "తెలుగువాడు" అని పేరు పెట్టలేదు. ఒకసారి సరిగా పలికి వినిపించి ఊరుకున్నాడు. అంతే, మాకు వచ్చేసినది. ఆ అంగడి ఆయన మాకు చేసినది, మేము మా పిల్లకు చేయలేకపోయినాము.

కాబట్టి మేము మనవి చేయదలచినది ఇంతే. గుర్తు వ్రాతలో లేనప్పుడు పలుకుకు ఇల్లే పుస్తకం. ఈ మెత్తదనం, గట్టిదనం పిల్లలకు బడి చెప్పదు, సినిమా విడమరచి చెప్పదు, అక్షరం అసలే చెప్పదు. అమ్మ చెప్పాలి, నాయన చెప్పాలి, సెలవులకు వచ్చిన తాతయ్య చెప్పాలి. ౙోల పాడినప్పుడు, ౙడ వేసేటప్పుడు, ౘారు వడ్డించేటప్పుడు చెప్పాలి.

ఏడాదిగా మా ఇంట్లో మేము చేస్తున్న పని చెబుతాము. నచ్చితే మీరూ చేయండి. ఇంట్లో ఉన్న రోజున రాత్రి పూట పావుగంట ఒక తెలుగు కథ పైకి చదువుతాము. చదివే ముందు ఆ పుటలోని గట్టి చకారాలమీద, జకారాలమీద పెన్సిలుతో చిన్న రెండంకె గీత పెడతాము. మొదటి నెల మేము పెట్టినాము. తర్వాత అమ్మాయే పెన్సిలు లాక్కొని తానే వెదికి పెట్టసాగినది. ఒక్కొక్కప్పుడు మేము తప్పు పెడితే పట్టుకుంటుంది. 'వచ్చాడు' మీద మేము పొరపాటున గీత పెడితే, "నాన్నా, ఇక్కడ ఇకారం దాక్కున్నది కదా!" అని చెరిపివేసినది. ఇప్పుడు పుస్తకంలో గీతలు అక్కరలేకుండానే చదువుతున్నది.

మన సంఘంవారు ఆదివారం సాయంత్రం పిల్లలకు తెలుగు చెప్పిస్తున్నారు. ఆ తరగతి గోడమీది అక్షరమాలలో చ ప్రక్కన ౘ, జ ప్రక్కన ౙ వ్రాయించవలసినదని కార్యవర్గాన్ని కోరుతున్నాము. తెలుగువారందరూ రేపటినుంచి గుర్తులు పెట్టి వ్రాయాలని మేము అనడం లేదు. అది అయ్యే పని కాదు, అక్కరా లేదు. ఊతకర్ర నడక వచ్చేవరకే. కాని నడక నేర్చుకొనేవారికి ఊతకర్ర ఇవ్వకపోవడం న్యాయం కాదు.

రెండవ కోరిక ఇంతకంటె చిన్నది, ఇంతకంటె కష్టమైనది. నవ్వవద్దు. పిల్ల ౘలిని మెత్తగా పలికితే, మీరు ఒకసారి సరిగా పలికి వినిపించి ఊరుకోండి, మా జొన్నల అంగడి ఆయన వలె. నవ్వితే పిల్ల పలుకు దిద్దుకోదు, నోరు మూసుకుంటుంది. తప్పుగా పలికిన తెలుగు రేపు దిద్దుకుంటుంది. పలకని తెలుగు ఏమి దిద్దుకుంటుంది? మనవైపు చుట్టాలకు కూడా ఈ మాట ఉత్తరంలోనో, ఫోనులోనో ముందే చెప్పి ఉంచండి.

మూడవది, కన్నడాన్ని తక్కువ చేయవద్దు. మా అమ్మాయి కన్నడంలో జ్వాళ అన్నప్పుడు మెత్తగా, తెలుగులో ౙొన్న అన్నప్పుడు గట్టిగా పలకగలిగితే అది ఒక నోట రెండు విద్యలు. ఈ రోజు మన ఇండ్లలో ఉగాది పచ్చడి, మన పొరుగిండ్లలో యుగాది బేవు–బెల్ల. చేదూ తీపీ రెండు ఇండ్లలోనూ ఉన్నాయి, కలిపే తీరు వేరు. మా పిల్ల రెండూ తిని వచ్చినది.

చివరగా, ఆనాడు రైలులో మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఉన్నది కదా, "నేను ఎవరి పిల్లను?" అని. దానికి జవాబు ఈ మధ్యనే ఇవ్వగలిగినాము. సంక్రాంతికి వాళ్ళ అమ్మమ్మ మన ఊరు వచ్చినది. చలికాలం. రాత్రి పూట అమ్మాయి లోపలికి పోయి, చుట్టచుట్టి ఉన్నదానిని చంకన పెట్టుకొని తెచ్చి, "అమ్మమ్మా, ౘలిగా ఉంది, నా ౘాప మీద పడుకుందువుగాని రా" అన్నది. అమ్మమ్మ ఏమీ అనలేదు. పిల్ల బుగ్గలు పుణికి ప్రక్కన పడుకోబెట్టుకున్నది. కాసేపటికి మాకు చీకటిలో మాటలు వినబడినాయి. మనుమరాలు అమ్మమ్మకు కన్నడంలో చుక్కి అనడం నేర్పుతున్నది. అమ్మమ్మకు ఎంతకీ రావడం లేదు. ౘుక్కి, ౘుక్కి అనే అంటున్నది. పిల్ల నవ్వలేదు. ఓపికగా మళ్ళీ మళ్ళీ పలికి వినిపిస్తున్నది.

నువ్వు ఎవరి పిల్లవో మేము చెప్పనక్కరలేదు తల్లీ, అనుకున్నాము.

 వంటశాల నుంచి ౘారు ఘుమఘుమలు వస్తున్నాయి. అది ఏ చారో ఇక మేము వేరే చెప్పవలసిన పని లేదు. సెలవు. నమస్కారం.